ఎల్లేశం కాపలా

"బాగున్నవా కాకా" అన్నాడు రాకేశ్. అన్నది రెండు మాటలే. ఆ రెండు మాటల్లోనే ఎల్లేశం ముక్కుకు ఇలాచి వాసన తగిలింది.

ఆదివారం సాయంత్రం. శ్రీరాంపూర్ కాలనీలో బొగ్గుబాయి పనివాళ్ల క్వార్టర్ల వరుసలో, రాకేశ్ ఇంటి ముందు ఎల్లేశం అప్పుడే తన ఎక్సెల్ బండికి స్టాండు వేశాడు. బస్సు దిగి నడిచి వచ్చిన రాకేశ్ పలకరించి, ఆగకుండా లోపలికి పోయాడు. వేరే ఎవరైనా అయితే ఛాయ తాగి వచ్చాడులే అనుకునేవారు. ఎల్లేశం అలా అనుకోలేకపోయాడు. పదిహేనేళ్లు తాగిన మనిషి ఆయన. ఇలాచి, సోంపు, జామాకు, పచ్చి ఉల్లిగడ్డ, వీటిలో ఏది నమిలితే నోటి వాసన ఎంతసేపు దాగుతుందో ఆయనకు తెలిసినంతగా మంచిర్యాల మొత్తంలో ఇంకొకరికి తెలియదు.

"తాగొచ్చిండు" అనుకున్నాడు. అనుకున్నాక ఇక ఆ మాట ఆయనను వదల్లేదు.

ఎల్లేశానికి యాభై నాలుగేళ్లు. పుట్టింది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లె. ఇరవయ్యో ఏట తట్టా, చెమ్మస్ అనే పెద్ద పారా పట్టి బొగ్గు ఎత్తే పనికి బాయిలో దిగాడు. ముప్పైకి దగ్గరపడ్డాక ఒళ్లు నొప్పులకని తాగడం మొదలుపెట్టాడు. తర్వాత నొప్పులు లేని రోజు కూడా తాగాడు. గైర్హాజరు కింద నౌకరి పోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన ఎలా బతికాడో ఆయన కంటే భార్య పోశవ్వకే బాగా గుర్తుంది. చివరికి ఒకరోజు నెత్తురు కక్కుకుంటే నలుగురు మోసుకొచ్చి మంచిర్యాల స్టేషన్ రోడ్డులోని తాగుడు మాన్పుడు కేంద్రంలో పడేశారు. అక్కడ మానేశాడు. మానేశాక కూడా ఆ కేంద్రాన్ని విడిచి పోలేదు. రోజూ వచ్చి, కొత్తగా చేరి చేతులు వణుకుతూ కూర్చున్నవాళ్ల పక్కన కూర్చునేవాడు. "నాకు గూడ గిట్లనే వణికినయ్ బిడ్డా, నాలుగో దినానికి తగ్గుతది" అనేవాడు. ఆ ఒక్క మాటకు ఉన్న విలువ చూసి కేంద్రంవాళ్లు ఆయనకే నౌకరి ఇచ్చారు. కాగితాల మీద 'తోటి సహాయకుడు'. రోగులకు మాత్రం ఎల్లేశం కాక. తాగుడు మాని ఇప్పటికి పదకొండేళ్లు.

నౌకరిలో చేరినప్పుడు అక్కడి కౌన్సెలర్ జ్యోతిరాణి ఆయనకు నియమాలు చదివి వినిపించింది. సొంత ఫోను నంబరు ఇవ్వకూడదు. ఇండ్లకు ఒంటరిగా పోకూడదు. వచ్చినవాడు చెప్పుకున్న మాట ప్రాణం మీదికి వస్తే తప్ప బయటికి పోకూడదు, వాడు ఒప్పుకోకపోతే వాని తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదు. ఎల్లేశం అన్నిటికీ తలూపి సంతకం పెట్టాడు. సంతకం పెట్టాడు గాని మనసులో పెట్టుకోలేదు. "పుస్తకాలు సదివినోళ్ల ముచ్చట్లు. తాగినోని సంగతి తాగినోనికి ఎరుక" అని ఆ సాయంత్రం పోశవ్వతో అన్నాడు.

రాకేశ్ జూన్‌లో వచ్చి చేరాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. తండ్రి లక్ష్మీరాజం ఆరోగ్యం చెడి బాయి పనికి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కి వచ్చింది. నౌకరితో పాటు తాగుడూ వచ్చింది. భార్య అమూల్య రెండుసార్లు బెల్లంపల్లిలో తల్లిగారింటికి పోయి, రెండుసార్లూ తిరిగి వచ్చింది. కేంద్రంలో ఉన్న నలభై ఐదు రోజులూ రాకేశ్ ఎల్లేశాన్ని పట్టుకునే తిరిగాడు. ఒక మధ్యాహ్నం మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తూ, ఆ దుప్పటి చాటునే నిలబడి, ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు.

మూడేళ్ల కింద రాకేశ్ తల్లి గుండెపోటుతో పోయింది. ఆ రోజు రాకేశ్ ఫస్ట్ షిఫ్ట్‌లో ఉన్నాడని, బాయి లోపలికి ఫోను అందదు కాబట్టి పైకి వచ్చినంక గాని తెలియలేదని ఊరంతా నమ్మింది. లక్ష్మీరాజం కూడా నమ్మాడు. నిజానికి రాకేశ్ ఆ రోజు బాయికే పోలేదు. తాటివనంలో కూర్చున్నాడు. బాపు లక్ష్మీరాజం ఫోను చేస్తుంటే పేరు చూసి, ఫోనును బోర్లా పెట్టి, మళ్లీ కల్లు పోసుకున్నాడు.

"ఎవ్వరికి చెప్పకు కాకా" అన్నాడు దుప్పటి అంచు పిండుతూ.

"నా కట్టె కాలేదాక నా నోట్లెకెళ్లి రాదు" అన్నాడు ఎల్లేశం.

ఆ మాట నెల రోజులు కూడా నిలవలేదు. రాకేశ్‌ను ఇంటికి పంపే వారంలో లక్ష్మీరాజం మొండికేశాడు. వాడు ఇంట్లకొస్తే నేను పోతా అన్నాడు. వాడికి సిగ్గూ లేదు బాధా లేదు అన్నాడు. స్టేషన్ బయట ఛాయ దుకాణం దగ్గర ఎల్లేశం ఆయనను కూర్చోబెట్టి, ఎంత నచ్చజెప్పినా వినకపోతే, చివరికి ఆ తాటివనం సంగతి చెప్పేశాడు. "వాడు లోపల లోపల ఎంత కాలుతుండో నీకెరుకనా అన్నా" అన్నాడు. లక్ష్మీరాజం సగం తాగిన ఛాయ కింద పెట్టాడు. "సరే, రమ్మను" అని లేచిపోయాడు.

పని అయిందనుకున్నాడు ఎల్లేశం. తన నేర్పుకు తనే మురిసిపోయాడు. కొన్నాళ్లకు ఆ సంగతే మరిచిపోయాడు.

దసరా దాటాక రాకేశ్ మారిపోయాడు. కేంద్రంలో శనివారం మీటింగులకు రావడం మానేశాడు. ఫోను ఎత్తితే "మంచిగనే ఉన్న కాకా" అని పెట్టేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బయటికి పోతే ఏడింటికి వచ్చేవాడు. ఎక్కడికంటే, దోస్తు దగ్గరికి అనేవాడు. ఏ దోస్తో చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఈ ఇలాచి వాసన.

ఎల్లేశం అమూల్యను వాకిట్లోకి పిలిచి తన సొంత నంబరు ఇచ్చాడు.

"బిడ్డా, రోజు పొద్దుగూకినంక నాకు ఫోన్ చెయ్యి. వాడు రాంగనే నోరు వాసన చూడు. అంగీ జేబులు చూడు. బాత్రూం మీద డబ్బాల ఎనుక చూడు. వానికి తెల్వనియ్యకు."

అమూల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాగుతున్నట్టు అనిపిస్తలేదు మామా. మంచిగనే తింటుండు, మంచిగనే పంటుండు."

"నీకు తెల్వది. గిట్లనే మొదలైతది."

ఆ పిల్ల భయపడింది. భయపడి రోజూ ఫోను చేసింది. ఏమీ దొరకలేదు మామా అని చెప్పిన ప్రతిసారీ ఎల్లేశానికి నిమ్మళం కావలసింది పోయి అనుమానం ఇంకో మెట్టు ఎక్కేది. ఇంట్లో దొరకలేదంటే బయట దాస్తున్నాడు. బయట దాస్తున్నాడంటే సాయం చేసేవాడు ఒకడుంటాడు. రాకేశ్ డ్యూటీకి పోయిన వేళ చూసి కాలనీకి పోయేవాడు. పాన్ డబ్బా దగ్గర నిలబడి ఆరా తీసేవాడు. వారంలో నాలుగుసార్లు పోయి, కేంద్రం రిజిస్టరులో రెండుసార్లని రాసేవాడు. మిగతావాటికి 'ఫోన్‌లో పరామర్శ' అని రాసేవాడు.

"ఎల్లేశమన్నా, శ్రీరాంపూర్ దిక్కు మస్తు పోతున్నవట?" అని జ్యోతిరాణి ఒకరోజు రిజిస్టరు తిప్పుతూ అడిగింది.

"ఆడ మా సుట్టాలున్నరు మేడం."

ఆమె ఆయన ముఖంలోకి ఒక నిమిషం చూసింది. రిజిస్టరు మూసేసింది. ఈమెకు ఎవరు చెప్పి ఉంటారని ఆ రోజంతా ఎల్లేశం ఆలోచించాడు.

కాలనీలో పక్క క్వార్టర్ నాగయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే రిటైరు మనిషి. రాకేశ్ లేనప్పుడే ఈ ఎక్సెల్ బండి ఎందుకొస్తోందని ఆయనకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఆయన నోట్లో ఆగలేదు. నాలుగు రోజుల్లో అమూల్య చెవిదాకా వచ్చింది.

"మామా, మీ కాళ్లు మొక్కుత, ఇంటికి రాకుండ్రి" అంది ఫోనులో ఏడుపు గొంతుతో. "లైన్ల ఆడోళ్లు నన్ను ఒక తీరుగ చూస్తున్రు. నేను గిట్ల ఫోన్ జేసుడు ఆయనకు గూడ తెలిసిపోయింది."

ఎల్లేశం ఫోను పెట్టేసి కూర్చున్నాడు. ఆ పిల్ల పరువు సంగతి ఆయనకు తట్టలేదు. తట్టిందల్లా ఒకటే. ఇప్పుడు ఈ పిల్ల కూడా వాని దిక్కే చేరింది. ఇద్దరూ కలిసి దాస్తున్నారు.

డిసెంబరులో ఒక ఆదివారం మూడు గంటలకు ఆయన శ్రీరాంపూర్ బస్టాండు ఎదురుగా, బండి మీద మఫ్లరు చుట్టుకుని కాపు కాశాడు. రాకేశ్ వచ్చి గోదావరిఖని బస్సు ఎక్కాడు. ఎల్లేశం ఎక్సెల్‌ను దాని వెనక తోలాడు. ఇందారం దాటేసరికి బస్సు కనబడకుండా పోయింది. బ్రిడ్జి ఎక్కేముందు ఎవరో దిగుతుండగా ఆగితే మళ్లీ అందుకున్నాడు. గోదావరి మీద గాలికి కళ్లల్లో నీళ్లు కారాయి. ఖనిలో దోస్తు, ఖనిలో దుకాణం, ఎవరూ గుర్తుపట్టని చోటు. అంతా సరిపోయింది. ఈ రోజు చేతికి దొరుకుతాడు.

రాకేశ్ బస్సు దిగి రెండు సందులు తిరిగి ఒక చిన్న ప్రైవేటు బడి గేటులోకి పోయాడు. ఆదివారం బడి ఏమిటి? గది బయట పదిహేను జతల చెప్పులున్నాయి. పేకాటో, తాగుడో, రెండూనో అనుకున్నాడు ఎల్లేశం. బండి పక్కన పెట్టి, బడి వెనక గోడ పట్టుకుని నడిచి, తెరిచి ఉన్న కిటికీ పక్కన ఒదిగి నిలబడ్డాడు.

లోపల ఎవరో పెద్దమనిషి గొంతు. "ఈడ విన్నది ఈడనే ఇడిసిపెట్టి పోవాలె. ఇది అందరికి ఎరుకే. ఇగ చెప్పు తమ్మీ."

ఎల్లేశానికి ఆ గది ఏమిటో అర్థమైంది. తాగుడు మానినవాళ్ల మీటింగు. అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది. తిరగలేదు.

"నా పేరు రాకేశ్. తాగక ఆర్నెల్లాయె" అంది లోపలి గొంతు. "మా మంచిర్యాలల గూడ మీటింగ్ ఉంది. నాకు ఆడికి పోబుద్ధయితలేదు. ఆడ ఒక కాక ఉన్నడు. నన్ను బతికిచ్చినాయన, అబద్ధం ఆడ. మా అవ్వ పోయిన దినం ముచ్చట నేను ఆయనకు ఒక్కనికే చెప్పిన. దసరకు బాపుకు నాకు లొల్లి అయింది. అందరి ముంగట బాపు ఏమన్నడంటే, నీ అవ్వ పానం పోయేటప్పుడు నువ్వు బాయిల లేవు, తాటివనంల ఉన్నవ్ అన్నడు. అమూల్య ముంగట అన్నడు. గా మాట దునియల ఇద్దరికే ఎరుక. నాకు, గా కాకకు."

గదిలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

"గా దినం దుకాణందాక పోయిన. చెయ్యి గూడ చాపిన. ఎందుకో తెల్వది, ఎనుకకు వచ్చిన. బస్సెక్కి ఈడికొచ్చిన. ఇప్పుడు ఆయన నా పెండ్లానికి నంబరు ఇచ్చి నా నోరు వాసన చూడుమంటున్నడు. నేను తాగుతలేను. గాని నిజం చెప్పాల్నంటే, గా కాకను చూస్తె నాకు తాగబుద్ధయితది."

ఎల్లేశం గోడ విడిచి నడిచాడు. గేటు పక్క వరండాలో ఒకామె స్టీలు గ్లాసుల్లో ఛాయ పోసి సిద్ధం చేస్తోంది. ఇలాచి దంచి వేసిన వాసన రోడ్డు దాకా వస్తోంది.

బండి తోలుకుంటూ వస్తుంటే గంగానగర్ దగ్గర వైన్స్ దుకాణం కనబడింది. ఆయన కాళ్లు వాటంతట అవే నేలకు ఆనాయి. బండి ఆగింది. పదకొండేళ్లుగా రాని దాహం గొంతులోకి ఎగదన్నింది. లోపల వెలుగుతున్న సీసాలను చూస్తూ, ఈ మనిషిని నమ్మొచ్చా అని ఆయన తనను తానే అడిగాడు. నమ్మకం దొరకలేదు. బండిని మాత్రం మళ్లీ స్టార్టు చేశాడు.

ఇంట్లో పోశవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆయన చెప్పిందంతా చేతులు ఆపకుండానే విన్నది. అయిపోయాక చేతులు ఆపింది.

"పదిహేనేండ్లు నేను నీ నోరు వాసన చూసిన. నువ్వు గడప తొక్కంగనే ముక్కు ముంగట పెట్టిన. అప్పుడు నీకు నన్ను చూస్తె ఎట్లుండె?"

"పారిపోవాల్నని ఉండె" అన్నాడు ఎల్లేశం.

"నేను నీ పెండ్లాన్ని. నాకు దిక్కులేక చూసిన. నువ్వు గా పిల్లగానికి ఏమైతవు?"

"ఇప్పుడే పోయి వాని కాళ్లు పట్టుకుంట" అని లేచాడు.

"ముందుగాల నీకు కొలువిచ్చినోళ్లకు చెప్పు" అంది పోశవ్వ.

సోమవారం పొద్దున జ్యోతిరాణి గదిలో కూర్చుని ఆయన ఒకటి కూడా దాచకుండా చెప్పాడు. లక్ష్మీరాజానికి చెప్పిన మాట, సొంత నంబరు, రిజిస్టరులో దొంగ రాతలు, కిటికీ. ఆమె ఓదార్చలేదు. కలం మూత తీసి పెడుతూ కూర్చుంది.

"నాగయ్య అని ఒకాయన రెండు వారాల కింద నాకు ఫోన్ చేసిండు" అంది చివరికి. "నువ్వు గా అమ్మాయి కోసం పోతున్నవని చెప్పిండు. నేను నిన్ను నేరుగ అడగలే. అడిగితే లొల్లయితదని, అనుమానపడుకుంట కూసున్న. నా తప్పు గూడ ఉంది. గా సంగతి నేను మన కేంద్రం నడిపే డాక్టర్‌కు చెప్త."

ఎల్లేశం తల దించుకున్నాడు. తన మీద అలాంటి అనుమానం రావచ్చని ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా అనుకోలేదు.

"పోయి వాని కాళ్లు పట్టుకుంట మేడం."

"వద్దు. నువ్వు పోతే నీ బరువు దిగుతది, వానికి ఇంకో బరువు ఎక్కుతది. నువ్వు పిలవని ఇంటికి పోవుడే గదా ఇంత దూరం తెచ్చింది? నేను వానికి జరిగింది చెప్త. మా మీద ఫిర్యాదు చేసే హక్కు ఉందని చెప్త. వాడు రమ్మంటే అప్పుడు పోదువు. రమ్మనకపోతే ఊకోవాలె."

జరిగిందంతా ఆయన సొంత చేతిరాతతో రాసి ఇచ్చాడు. రాయడానికి ఒక పూట పట్టింది. రాకేశ్ ఫైలు వేరేవాళ్లకు పోయింది. ఆరునెలలు ఇండ్లకు పోవద్దని, కేంద్రంలోనే పని చేయాలని డాక్టరు అన్నాడు. ఎల్లేశం శనివారం మీటింగులో కుర్చీలు వేసి, అందరితో పాటు ఒక కుర్చీలో కూర్చుని, గంగానగర్ దగ్గర బండి ఎందుకు ఆగిందో తన సంగతిగా చెప్పుకున్నాడు. రాకేశ్ పేరు ఎత్తలేదు.

ఐదు వారాలు రాకేశ్ నుంచి ఏ కబురూ లేదు. ఆ ఐదు వారాలూ ఎల్లేశం ప్రతి సాయంత్రమూ ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేవాడు.

జనవరి చివర్లో రాకేశ్ వచ్చాడు. జ్యోతిరాణి పక్కనే కూర్చుంది. రాకేశ్ కుర్చీని తలుపు వైపు జరుపుకుని కూర్చున్నాడు.

"గా దినం కిటికీ కాడ ఉన్నది నువ్వే గదా? నీ ఎక్సెల్‌ను నేను బస్సులకెళ్లి చూసిన."

"నేనే."

"అన్నీ ఇన్నవా?"

"ఇన్న. నిలబడొద్దని ఎరుకై గూడ నిలబడ్డ. మీ బాపుకు చెప్పుడు గూడ నేనే చెప్పిన. మంచి చేస్తున్న అనుకున్న. అది చెప్పుటానికి నాకు హక్కు లేకుండె. తప్పయింది రాకేశ్."

"నువ్వు చెప్పకుంటె బాపుకు నేనే చెప్పుదును. ఎప్పుడో ఒకప్పుడు, నాకు చేతనైనప్పుడు. గా మాట నువ్వు గుంజుకున్నవ్ కాకా. ఇప్పుడు బాపు నాతోని మాట్లాడుతలేడు. ఒక్క ఇంట్లనే ఉంటున్నం, పళ్లెం వేరే, వేళ వేరే."

"నేను పోయి మీ బాపుకు..." అనబోయి ఎల్లేశం ఆగిపోయాడు. జ్యోతిరాణి ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఆగింది ఆయనే. "నన్నేమన్న చెయ్యమంటవా?" అని మార్చి అడిగాడు.

"ఏం చెయ్యకు. అమూల్య నంబరు తీసెయ్యి."

ఎల్లేశం అక్కడే ఫోను తీసి, వాడి కళ్ల ముందే ఆ నంబరు తీసేశాడు. రాకేశ్ అది పూర్తిగా నమ్మలేదు. ఫోను చేతిలోకి తీసుకుని తనే ఇంకోసారి చూసుకుని ఇచ్చాడు. ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టి పోయాడు. మీటింగులకు ఖనికే పోతానని, మంచిర్యాలకు రానని జ్యోతిరాణికి చెప్పాడు. ఆమె సరేనంది.

వేసవిలో ఒకరోజు పొద్దున ఎల్లేశం మంచిర్యాల మార్కెట్‌లో మామిడికాయలు ఏరుతుంటే, కొంచెం దూరంలో రాకేశ్, అమూల్య కనబడ్డారు. వాళ్లు ఆయనను చూడలేదు. రాకేశ్ చేతిలో సంచి. ఏదో అన్నాడు, అమూల్య నవ్వింది. ఎల్లేశం కళ్లు ముందు వాడి నడక చూశాయి. అడుగు తిన్నగానే పడుతోంది. తర్వాత కళ్లు చూశాయి, ఎర్రగా లేవు. చెయ్యి వణుకుతోందేమోనని సంచి వైపు చూస్తూ ఉండగా తను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలిసింది.

"కాయలు ఏస్తవా, చూస్తనే ఉంటవా?" అంది అమ్మే ఆమె.

నాలుగు కాయలు వేయించుకుని, వాళ్లకు ఎదురుపడకుండా వెనక సందులోంచి కేంద్రానికి నడిచాడు ఎల్లేశం. ఆ రోజు కొత్తగా ఇద్దరు చేరారు. ఒకతను మంచం అంచున కూర్చుని, చేతులు తొడల కింద దాచుకుని ఉన్నాడు. ఎల్లేశం పక్కన కుర్చీ వేసుకున్నాడు, మరీ దగ్గరగా కాకుండా.